నిజామాబాద్–బోధన్ సీమ బావులు: భూగర్భజల కాలుష్యం, కట్టడి

నిజామాబాద్ పట్టణంలోనూ, దానికి పడమటనున్న బోధన్ చెరకు సీమలోనూ తాగునీటి కోసం పంచాయతీలు, మునిసిపాలిటీలు నడిపే, లేదా ఒకప్పుడు నడిపి వదిలేసిన చేదబావులను, బోరింగులను, మోటారు బోర్లను ఈ వ్యాసం ప్రజా బావులుగా లెక్కిస్తుంది. ఆ బావుల్లో ఊరే నీరు ఎక్కడిది, అది ఎలా చెడుతుంది, చెడకుండా చూసేందుకు చేతిలో ఏమున్నాయి అన్నది విషయం. నది నీళ్లు నల్లాల్లో ఇంటింటికీ వస్తున్న కాలంలో బావుల ముచ్చట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పైపు పగిలిన నాడు, పంపు చెడిన నాడు, ఎండాకాలం కొసన చెరువు అడుగంటిన నాడు జనం బిందెలు పట్టుకుని వచ్చేది బోరింగు దగ్గరికే. పైగా ఈ సీమలో భూగర్భజలానికి వాడే బావి కంటే వాడకం మానేసిన బావితోనే ముప్పు ఎక్కువ. ఆ సంగతి చివరన వస్తుంది.

ప్రజా బావి అన్న మాటకు రాజ్యాంగంలోనే చోటుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే, లేదా ప్రజల వాడకానికి అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర మతం, కులం, లింగం పేరిట ఎవరినీ అడ్డుకోకూడదని 15(2) అధికరణం చెబుతుంది. బావి మైల పడుతుందన్న భయం తెలుగు ఊళ్లలో చాలాకాలం క్రిముల గురించి కాదు, మనుషుల గురించి. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ కథలో నీళ్లు దక్కని మనిషి ఆ బావిలోనే పశువు కళేబరాన్ని వేయడం ఈ భయానికి తిరగబడ్డ రూపం. నీటి శాస్త్రం రాసేవాళ్లు ఈ కథను పట్టించుకోరు గానీ, ఒక బావి ఎవరిదో తేలనిదే దాన్ని ఎవరు కాపాడాలో తేలదు.

నేల, రాయి, నీరు

ఇందూరు అని పాత పేరున్న నిజామాబాద్ జిల్లా గోదావరికి దక్షిణాన ఉంది. మంజీర వచ్చి గోదావరిలో కలిసే కందకుర్తి బోధన్‌కు దగ్గరే. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదనం ఇదేనని చరిత్రకారులు బోధన్‌ను గుర్తిస్తారు. అంటే ఇక్కడి జనం రెండు వేల ఏళ్లకు పైగా ఇదే నేలలో నీళ్లు చేదుకుంటున్నారు.

ఉమ్మడి జిల్లాలో ఎక్కువ భాగం అడుగున ఉన్నది గ్రానైటు, నీస్ రాళ్లు. పడమట మద్నూరు, జుక్కల్ వైపు దక్కన్ బసాల్టు, దాని మీద నల్లరేగడి. ఈ రాళ్లు ఇసుక మాదిరి నీటిని తమలో దాచుకోవు. నీరు రెండు చోట్ల మాత్రమే ఉంటుంది. పైన రాయి చివికి మొరంగా మారిన పొర ఒకటి, దాని కింద గట్టి రాతిలోని పగుళ్లు రెండోది. పాత చేదబావులు, మోటబావులు మొరం పొరను నమ్ముకున్నవి. 1970ల తర్వాత వచ్చిన బోర్లు పగుళ్లను వెతుక్కుంటూ లోతుకు పోయాయి. కాలుష్యం కథ మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. మొరంలో నీరు మెల్లగా జారుతుంది, మట్టి దాన్ని కొంత వడపోస్తుంది. పగులులో పడిన నీటికి వడపోత లేదు. ఒక వీధిలో పడిన మురుగు నాలుగు వీధుల అవతలి బోరులో తేలవచ్చు, పక్కింటి బోరు మాత్రం శుభ్రంగా ఉండవచ్చు. మా బోరు నీళ్లు బాగున్నాయి కాబట్టి వాడ మొత్తం బాగున్నట్టే అన్న మాట గట్టి రాతి నేలలో చెల్లదు.

దీని మీదికి నిజాంసాగర్ వచ్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపకల్పనలో 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీర మీద ఆనకట్ట కట్టారు. దాని కాలువలు బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ మీదుగా నిజామాబాద్ దాకా నీళ్లు తెచ్చాయి. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వలస వచ్చి క్యాంపులు వేసుకున్నది ఈ కాలువల కిందనే. నేటికీ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అన్న మాట అలాగే ఉంది. కాలువ పారిన చోట పొలంలో పెట్టిన నీరు ఇంకి బావుల్లోకి దిగుతుంది, నీటి మట్టం పైకి వస్తుంది. రైతుకు అది వరం. తాగునీటి బావికి మాత్రం చిక్కు. నీళ్లు నేలకు ఎంత దగ్గరగా ఉంటే, మురికి దిగాల్సిన దారి అంత పొట్టిది. ఎండిన ప్రాంతంలో మురుగు ముప్పై, నలభై అడుగుల మట్టిలోంచి దిగితే దారిలో క్రిములు చాలామటుకు చస్తాయి. కాలువ కింద పది అడుగుల్లో నీరుంటే అంత సావకాశం ఉండదు.

పట్టణాలు కేవలం బావుల మీద ఆధారపడి బతికినవి కావు. నిజామాబాద్‌కు ఖిల్లా పక్కన రఘునాథ చెరువు ఉంది, 1931లో కట్టిన అలీసాగర్ ఉంది. బోధన్‌కు బెల్లాల్ చెరువు ఉంది. ఆ చెరువుల నీరు ఇంకి చుట్టూ ఉన్న బావులకు ఊట అవుతుంది. మిషన్ కాకతీయ పూడికతీత 2015 మార్చి 12న మొదలైంది అప్పటి నిజామాబాద్ జిల్లాలోని సదాశివనగర్ చెరువులోనే. పూడిక తీసిన చెరువు ఇంకా బాగా ఇంకుతుంది. అందులోకి మోరీ నీళ్లు వస్తుంటే అవీ అంతే బాగా ఇంకుతాయి.

చెరకు, శక్కర్‌నగర్

బోధన్ శివారులో 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరుపడింది. దాని చుట్టూ లేచిన కాలనీ శక్కర్‌నగర్. నిజామాబాద్ పక్కన సారంగాపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ, రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రం కూడా వచ్చాయి. నిజాం షుగర్స్‌లో ఎక్కువ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఈ చరిత్రను జనం ఉద్యోగాలుగా, రైతుల బకాయిలుగా, ఎన్నికల హామీలుగా గుర్తుపెట్టుకుంటారు. చక్కెర తయారీ నీటికి ఏం చేస్తుందో మాట్లాడుకోవడం తక్కువ.

చెరకు గడలో దాదాపు 70 శాతం నీరే. అంటే గానుగ ఆడినంత కాలం ఫ్యాక్టరీ నీళ్లు తాగడమే కాదు, నీళ్లు పుట్టిస్తుంది కూడా. ఆ నీళ్లలో రసం చుక్కలు, కడిగిన సున్నం, నూనె, పిప్పి పొట్టు కలిసి ఉంటాయి. వాటిలో విషమంటూ ఏమీ ఉండదు. చిక్కంతా తీపితోనే. చక్కెర కలిసిన నీరు నేల మీద నిలిస్తే సూక్ష్మజీవులు దాని మీద పడి, మట్టిలోని ప్రాణవాయువు మొత్తం వాడేసుకుంటాయి. గాలి ఆడని మట్టిలో ఇనుము, మాంగనీసు కరిగి నీటిలోకి దిగుతాయి. చేదినప్పుడు తేటగానే ఉన్న నీళ్లు కాసేపు బిందెలో ఉంచితే ఎర్రబారుతాయి, తెల్ల బట్టలకు తుప్పు మరక పడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఏ సీమలోనైనా బావి చెడిందని మొదట చెప్పేవి ఈ గుర్తులే.

మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీసే డిస్టిలరీ పని ఇంకా బరువైనది. ఒక లీటరు ఆల్కహాలుకు దాదాపు 8 నుంచి 15 లీటర్ల దాకా ముదురు గోధుమ రంగు వ్యర్థజలం మిగులుతుంది. దాన్నే స్పెంట్‌వాష్ అంటారు. నీటిలో కుళ్లే పదార్థం ఎంత ఉందో చెప్పే బీఓడీ కొలత అందులో లీటరుకు 40 వేల మిల్లీగ్రాములు దాటుతుంది. శుద్ధి చేసి వాగులోకి వదిలే నీటికి చట్టం ఒప్పుకునే బీఓడీ 30. పొటాషియం, క్లోరైడు, సల్ఫేటు కూడా దండిగా ఉంటాయి. స్పెంట్‌వాష్ రంగు మొండిది, మట్టిలో వడకట్టినా పూర్తిగా పోదు. లోపల పరుపు వేయని గుంటల్లో దాన్ని నిలవ పెడితే చుట్టుపక్కల బావుల్లో టీ డికాషన్ రంగు నీళ్లు ఊరడం దేశంలో చాలాచోట్ల చూసిందే. ఇప్పుడు డిస్టిలరీలు ఒక్క చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకూడదన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి షరతు. చక్కెర మిల్లులకు 2016 జనవరిలో నిబంధన బిగించారు. టన్ను చెరకుకు 200 లీటర్లకు మించి వ్యర్థజలం వదలకూడదు. వాగులోకైతే బీఓడీ 30, పొలం మీదికైతే 100 దాటకూడదు.

ఫ్యాక్టరీ మూతపడితే కాలుష్యం ఆగిందనుకోవడం తొందరపాటు. వదిలేసిన గుంటల అడుగున చేరిన మడ్డి, రసం వడకట్టగా మిగిలిన ప్రెస్‌మడ్ కుప్పలు, బూడిద దిబ్బలు వానపడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా ఇంకుతూనే ఉంటాయి. ఏ ఊళ్లో మూతపడ్డ కార్ఖానా స్థలాన్నైనా ప్లాట్లు చేసి బోర్లు వేసే ముందు అక్కడి మట్టినీ నీళ్లనూ పరీక్షించడం కనీస జాగ్రత్త.

మోరీ, యూరియా, మిల్లు

చెరకు తగ్గాక బోధన్ చుట్టూ వరి, సోయా పెరిగాయి. ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు ఎప్పటి నుంచో ఉంది. పంటలు మారినా యూరియా బస్తా మారలేదు. మొక్క తీసుకోగా మిగిలిన నత్రజని మట్టిలో నైట్రేటుగా మారి, నీటితో కలిసి నేరుగా కిందికి పోతుంది. మట్టి దాన్ని పట్టి ఉంచదు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు వరకే ఒప్పుకుంటుంది. వేరే నీరు దొరకనప్పుడు కొన్ని పదార్థాలకు సడలింపు ఉంది గానీ నైట్రేటుకు లేదు. కారణం పసిపిల్లలు. డబ్బా పాలు కలిపే నీళ్లలో నైట్రేటు ఎక్కువైతే ఆరు నెలల లోపు బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేదు, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. 1945లో అమెరికాలోని అయోవాలో ఒక వైద్యుడు దీన్ని మొదట గుర్తించింది పొలాల మధ్యనున్న ఇంటి బావుల నీళ్లు తాగిన పసికందుల్లోనే. మన ఇళ్లలో నీళ్లు కాచి ఇస్తే చాలనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి. నైట్రేటు మాత్రం పోదు, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది.

నైట్రేటు పొలం నుంచే వస్తుందనుకుంటే సగమే నిజం. పట్టణంలో దాని పుట్టిల్లు సెప్టిక్ ట్యాంకు. భూగర్భ డ్రైనేజీ అందని వాడల్లో ప్రతి ఇంటికీ ఒక ట్యాంకు, దాని పక్కన సోక్‌పిట్, ఆ వెనుకనే బోరు. స్థలం వంద గజాలైనప్పుడు మూడూ ఒకదాని ఒడిలో ఒకటి కూర్చుంటాయి. సోక్‌పిట్‌కూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని ఐఎస్ 2470 చెబుతుంది. వంద గజాల ప్లాటులో ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచినా అంత దూరం రాదు. అందుకే ఇంటింటా బోరు వేసుకోవడం కంటే వాడకు ఒక మంచి బోరు వేసి, దాని చుట్టూ ఖాళీ వదలడం మేలు. ఈ సలహాను కాలనీ సంఘాలు వినవు, ఎవరి మోటారు వాళ్లకు ఉండాలి కదా!

మిగతా వనరులను క్లుప్తంగా చెప్పవచ్చు. బాయిల్డ్ రైస్ మిల్లుల్లో వడ్లు నానబెట్టిన నీళ్లు పులిసి, చక్కెర మిల్లు నీళ్లలాగే నేలలో గాలి లేకుండా చేస్తాయి. చెత్త దిబ్బల కింద ఊరే నల్లటి రసంలో అమ్మోనియా, బ్యాటరీల నుంచి వచ్చే లోహాలు ఉంటాయి. పరుపు వేయకుండా చెత్త పోసిన ఏ డంపింగ్ యార్డు కిందనైనా జరిగేది ఇదే. పెట్రోలు బంకుల్లో భూమిలో పాతిన ట్యాంకు తుప్పు పట్టి కారితే చెంచాడు పెట్రోలు వేల లీటర్ల నీటికి వాసన పట్టిస్తుంది. నిజామాబాద్‌లో గణేశ్ శోభాయాత్ర ఏటా వినాయకుల బావికి చేరుతుంది. నిమజ్జనం మీద కేంద్ర కాలుష్య మండలి 2010లో మార్గదర్శకాలు తెచ్చి, 2020లో సవరించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దంది. మట్టి విగ్రహం బావి అడుగున మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టరూ, దాని మీది రంగులూ పోవు.

మనిషి ప్రమేయం లేనిది ఫ్లోరైడు. గ్రానైటు నుంచి కరిగి వస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మంచిదే, ఒకటిన్నర దాటితే పళ్ల మీద చారలు, ఇంకా పెరిగితే ఎముకలు వంగిపోవడం. నల్లగొండ దుఃఖం తెలుగువారందరికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నల్లగొండ పేరే పెట్టింది. సాధారణంగా లోతు బోర్లలో ఇది ఎక్కువ, లోతు తక్కువ బావుల్లో తక్కువ. నైట్రేటు దానికి తలకిందులు. అందువల్ల నైట్రేటుకు భయపడి లోతుకు పోతే ఫ్లోరైడు, ఫ్లోరైడుకు భయపడి పైకి వస్తే నైట్రేటు. పరీక్ష చేయించకుండా తేల్చే దారి లేదు.

మంజీర ఎగువన ఒక పాఠం

ఈ సీమకు నీళ్లిచ్చే మంజీరలోకే పటాన్‌చెరు వైపు నుంచి నక్కవాగు వచ్చి కలుస్తుంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల్లో వచ్చిన మందుల, రసాయనాల కార్ఖానాల వ్యర్థజలాలు ఆ వాగును, దాని పక్కనున్న బావులను పాడుచేశాయి. రైతుల పక్షాన 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఆ కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక వదిలే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. రోగి రక్తంలో మందు పనిచేసే మోతాదు కంటే అది ఎక్కువ. 2009లో అదే పరిశోధకులు చుట్టుపక్కల ఊళ్ల బావి నీళ్లలోనూ మందుల ఆనవాళ్లు చూపించారు. ఊళ్లకు ట్యాంకర్లతో, తర్వాత పైపులతో నీళ్లు తేవాల్సి వచ్చింది. బావులను బాగుచేయడం ఎవరి తరమూ కాలేదు.

నిజామాబాద్, బోధన్‌లకు అంత రసాయన భారం లేదు. అయినా ఆ ఉదంతం పనికొచ్చేది ఒక లెక్కకు. వాగులో నీరు ఒక వానకు కడుక్కుపోతుంది, రాతి పగుళ్లలోకి దిగిన కాలుష్యం కదలడానికి ఏళ్లు, పదుల ఏళ్లు పడుతుంది. పంపు పెట్టి తోడి శుద్ధి చేసే ఖర్చుకు ఏ మునిసిపాలిటీ బడ్జెట్టూ చాలదు. కాబట్టి ముందే ఆపడం తప్ప గత్యంతరం లేదు.

బావి నోరు

చాలా బావులు దూరం నుంచి వచ్చిన కాలుష్యంతో కాక, తమ నోటి దగ్గరి నిర్లక్ష్యంతోనే చెడతాయి. ఒక పాత బోరింగు దగ్గర కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది. చప్టా పగిలి ఉంటుంది. బిందె నిండి పొర్లిన నీళ్లు పగుల్లోకి జారి, పైపు పక్కగా మళ్లీ కిందికే పోతాయి. చప్టా మీద కాళ్లు కడుగుతారు, గిన్నెలు తోముతారు, పక్కనే బర్రె పడుకుంటుంది. పొర్లిన నీరు పోవాల్సిన మోరీ మట్టితో పూడి ఉంటుంది. ఆ గుంటలోని నీటికీ, లోపలి పగులుకూ మధ్య అడ్డు ఉండాల్సింది కేసింగ్ గొట్టం చుట్టూ సిమెంటు పూత. బోరు బండి వాళ్లు చాలాసార్లు తవ్వగా వచ్చిన పొడినే ఆ ఖాళీలో నింపి పోతారు. ఒప్పందంలో కేసింగ్ లోతు రాసినట్టే కేసింగ్ చుట్టూ సిమెంటు కూడా రాయించుకోవడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

చేదబావికి వైద్యశాస్త్ర పుస్తకాలు చెప్పే కొలతలు సులువైనవి. మరుగుదొడ్డి, పెంటకుప్ప, మురుగు గుంట ఏదైనా 15 మీటర్ల అవతల ఉండాలి. ఒర కనీసం 6 మీటర్ల లోతు దాకా నీరు చొరబడకుండా గచ్చు చేసి ఉండాలి. పిట్టగోడ 70, 75 సెంటీమీటర్ల ఎత్తు. చుట్టూ మీటరు వెడల్పు చప్టా, అది బయటికి వాలుగా. పైన మూత, మూత మీద చేతి పంపు. దిగుడు బావులను ఇలా చేదబావులుగా మార్చడమే నారికురుపును దేశం నుంచి తరిమేసిన పనుల్లో ముఖ్యమైనది. మెట్లు దిగి నీళ్లలో కాలు పెట్టిన రోగి కురుపు నుంచి పురుగు పిల్లలు నీటిలో చేరేవి. ఆ తాకిడి ఆగాక వ్యాధి ఆగింది. 1996 జులై తర్వాత దేశంలో ఒక్క కేసూ రాలేదు. 2000లో భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించారు. లింగంపేట నాగన్న బావి లాంటి పాత దిగుడు బావులను ఇప్పుడు ముచ్చటగా బాగుచేస్తున్నారు. చూడటానికి, ఊట పెంచడానికి అవి ఎంతో మేలు, తాగడానికి మాత్రం కాదు.

బ్లీచింగ్ పౌడర్ చల్లడంలో కూడా ఒక లెక్క ఉంది. ఊళ్లలో దోసెడు పొడి బావిలో విసిరి వెళ్లిపోతారు. అది పైన తేలి, కాస్త గాలికి పోయి, మిగతాది అడుగుకు చేరుతుంది. సరైన పద్ధతిలో మొదట నీటి కొలత తీయాలి. బావి వెడల్పు 4 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అనుకుందాం. 3.14ను 4తో, మళ్లీ 4తో, తర్వాత 3తో గుణించి 4తో భాగిస్తే 37.68 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 37,700 లీటర్లు. తాజా పౌడర్ వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు కావాలి కాబట్టి 95 గ్రాముల దాకా చాలు. బకెట్లో ముందు ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనివ్వాలి. అడుగున సున్నం పేరుకుంటుంది, దాన్ని బావిలో పోయకూడదు, నీళ్లు కఠినమవుతాయి. పై తేటను వేరే బకెట్లోకి వంచి, తాడుతో నీటి లోపలికి దించి పైకీ కిందికీ ఆడించాలి. గంట దాకా ఎవరూ చేదకూడదు. అందుకే ఈ పని రాత్రిపూట చేస్తారు. గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉంటే లెక్క సరిపోయినట్టు. తెరిచి ఉంచిన పౌడర్ బస్తా నెలలు గడిచేకొద్దీ సత్తువ కోల్పోతుందన్నది గుర్తుంచుకోవాలి.

క్రిములున్నాయో లేదో చూసేందుకు చవకైన సాధనం హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధకులు మంజా, మౌర్య, రావులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించిన పద్ధతి ఇది. సీసాలో మందు పూసిన కాగితం ఉంటుంది. గీత దాకా నీరు పోసి మూత బిగించి, వెచ్చని చోట ఉంచాలి. పొద్దున్నకల్లా నీళ్లు నల్లబడితే మలం కలిసిందన్నట్టు. తేటగా ఉంటే అనుమానం తక్కువ. చదువు రాని మనిషికి కూడా ఆ నలుపు అర్థమవుతుంది. రిపోర్టు కాగితం మీది అంకె చేయలేని పనిని గ్రామసభ బల్ల మీద పెట్టిన ఒక నల్ల సీసా చేస్తుంది.

బావి చుట్టూ గీత

బావిని కాపాడాలంటే బావి చుట్టూ ఉన్న నేలను కాపాడాలన్న ఆలోచన జర్మనీలో బలంగా ఉంది. అక్కడ నీటి బావి చుట్టూ మూడు వలయాలు గీస్తారు. మొదటిది పది మీటర్లు, అందులోకి ఎవరినీ రానివ్వరు. రెండోది నీరు బావికి చేరడానికి 50 రోజులు పట్టే గీత. చాలా క్రిములు భూమిలో అంతకాలం బతకవని లెక్క. మూడోది బావికి నీరిచ్చే నేల మొత్తం. ఇంగ్లండు ఇదే 50 రోజుల గీతను వాడుతుంది. అమెరికా 1986లో తన తాగునీటి చట్టాన్ని సవరించి బావి రక్షణ ప్రాంతాల కార్యక్రమం తెచ్చింది.

గీత లేకపోతే ఏమవుతుందో కెనడాలోని వాకర్టన్ చూపించింది. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరు. 2000 మే నెలలో భారీ వానలు కురిశాయి. ఊరికి నీళ్లిచ్చే ఐదో నంబరు బావి పొలం పక్కన, తక్కువ లోతులో, పగుళ్ల సున్నపురాతిలో ఉంది. పొలంలో వేసిన పశువుల ఎరువు నుంచి ఈ.కోలి క్రిమి బావిలోకి దిగింది. క్లోరిన్ ఎంత ఉందో రోజూ చూడాల్సిన ఉద్యోగులు చూడకుండానే అంకెలు రాశారు. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. రైతు తప్పు లేదని, ఎరువు పద్ధతి ప్రకారమే వేశాడని విచారణ తేల్చింది. ఆ తర్వాత 2006లో అంటారియో రాష్ట్రం నీటి వనరుల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. అక్కడి పగుళ్ల రాతికీ మన గ్రానైటుకూ పోలిక ఉంది. పగుళ్లలో 50 రోజుల లెక్క నమ్మదగింది కాదు, ఒక వానకే నీరు దూరం వెళ్లిపోవచ్చు. కాబట్టి బోధన్ సీమలో గుండ్రటి గీత కంటే, చెరువు ఎగువ నుంచి బావి దాకా వాలు వెంబడి గీసిన పొడవాటి గీత మేలు.

మన చట్టాల్లో గీత అసలు లేదనలేం. 2002 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టాన్ని జనం వాల్టా అంటారు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే కొనసాగించింది. ప్రజా తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బావి వేయకూడదని, భూగర్భజలాన్ని కలుషితం చేయకూడదని అందులో ఉంది. అయితే ఆ 250 మీటర్లు నీటి కొరతను దృష్టిలో పెట్టుకుని రాసినవి, పక్క బోరు నీళ్లు లాగేస్తుందని. సెప్టిక్ ట్యాంకుకు, ఎరువుల గోదాముకు, మెకానిక్ షెడ్డుకు ఆ గీత వర్తించదు. 1974 నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ వాగులోకి గానీ బావిలోకి గానీ విషపదార్థం వదలడాన్ని నిషేధిస్తుంది. అమలు కాలుష్య నియంత్రణ మండలి చేతుల్లో ఉంది. ఫ్యాక్టరీ గొట్టం దానికి కనిపిస్తుంది గానీ, పది వేల ఇళ్ల సోక్‌పిట్లు ఎవరికీ కనిపించవు. వాల్టాలోని ఆ గీతను కాలుష్యానికి కూడా వర్తింపజేస్తూ ఒక్క వాక్యం చేరిస్తే చట్టం సగం పని చేసినట్టే.

వదిలేసిన బావులు

నల్లా వచ్చాక ఊరబావిని తలుచుకునేవారు లేరు. మూత లేని బావిలో మొదట పూజ పూలు, తర్వాత పాత దేవుడి పటాలు, తర్వాత ఇంటి చెత్త, చివరికి చచ్చిన కుక్క పడతాయి. కొన్నిచోట్ల వాననీళ్లు ఇంకడానికని మోరీ మొనను బావిలోకే తిప్పుతారు. ఇంకుడు గుంటలో వాననీటిని ఇసుక, కంకర వడపోయాలి. బావిలో అలాంటిదేమీ లేదు, మురుగు సూటిగా ఊటలోకి పోతుంది. ఆ ఊట మీదే పక్క వీధి బోరింగు నడుస్తుంది, వాటర్ ప్లాంటు క్యాను కూడా నిండుతుంది. ఎండిన బోర్లదీ ఇదే తీరు. గొట్టం పీకేసి, పైన ఒక రాయి పెట్టి వదిలేస్తారు. పసిపిల్లలు అందులో పడి చనిపోతుంటే సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టితో, ఇసుకతో, రాళ్లతో నింపాలని అందులో ఉంది. ప్రాణరక్షణ కోసం ఇచ్చిన ఆ ఆదేశం భూగర్భజల రక్షణకూ అంతే అవసరం.

తాగునీటి వనరును ఏడాదికి ఒకసారి రసాయన పరీక్షకు, వానలకు ముందూ తర్వాతా రెండుసార్లు క్రిముల పరీక్షకు పెట్టాలని జల్ జీవన్ మిషన్ నియమం. మీ వాడలో వదిలేసిన బావి ఉంటే ఈ మృగశిర కార్తెలోపు దాని మీద మూత వేయించండి. అందులోకి తిప్పిన మోరీని మళ్లించమని వార్డు కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి.